బొట్టు దాటని ముల్లు

జమ్మలమడుగు దాకా పోయి గండికోట చూడకుండా తిరిగొచ్చిన మనిషిని బహుశా నేనొక్కడినే అయి ఉంటాను. మా వీధిలో అందరూ అదే అడిగారు, కోట ఎలా ఉందని. చూడలేదన్నాను. పెన్నా లోయ? అదీ చూడలేదు. మరి మూడు రోజులు అక్కడ ఏం వెలగబెట్టావయ్యా అన్నారు. ఒక కారులో గేరు ఎక్కడ మార్చాలో చూసి వచ్చానన్నాను. నవ్వారు. నవ్వే మనిషికి ఎదురుగా నిలబడి కథ చెప్పడం నాకు చేతకాదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి బిగించే మనిషిని. యాభై మూడేళ్లు. మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది, పిల్లలు లేరు. కోపం కాస్త ఎక్కువ. ముఖ్యంగా మీటరు అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే పట్టరాని కోపం. అందుకే జేబులో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ, దానితో పాటు చావి తిప్పే పాత స్టాప్‌వాచీ ఉంటాయి. మేం మొదటి కారు కొన్న రోజున మా ఆవిడ నిమ్మకాయలు తొక్కించి, హారతిచ్చి, స్పీడు మీటరు అద్దం మీద కూడా ఒక బొట్టు పెట్టింది. ఆమె చెయ్యి ఇంకా వెనక్కి తీసుకోకముందే దాన్ని తుడిచేశాను. ఆమె హారతి పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సంగతి ఇక్కడ ఎందుకు రాశానో తర్వాత మీకే తెలుస్తుంది.

కారు అమ్మిన దుకాణం వాళ్లు నన్ను పంపించారు. పులివెందుల అవతల ఒక పల్లెలో ఒక పెద్దాయన ఏడాది కిందట వేగమైన పెట్రోలు కారొకటి కొన్నాడు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, ఒక్క మర కూడా మార్చలేదు. అవసరమైన రోజున అది పరుగెత్తలేదట. ఆ వైపు ఫ్యాక్షన్ ఇంకా చల్లారలేదు. కోర్టు వాయిదాకు పోయి ప్రాణాలతో ఇల్లు చేరడానికి అక్కడి మనుషులు కారు కొనుక్కుంటారు. పెద్దాయనది ఏ పార్టీ అనేది నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఊరి పేరు కూడా రాయను.

ప్రొద్దుటూరు

తెల్లవారి ఏడింటికి దిగాను. బంగారు కొట్ల వీధిలో షట్టర్లు ఎత్తుతున్నారు, కొట్ల ముందు నీళ్లు చల్లుతున్నారు. బంగారు కొట్లు మా బెజవాడలో లేకపోలేదు గానీ ఇలా భుజం భుజం రాసుకుని ఇన్ని ఉండవు. ఇంత బంగారం మధ్య దోసె మాత్రం ఐదు రూపాయలే.

ఎర్రకారం దట్టంగా పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇచ్చారు. రెండో ముక్కకే కళ్ల నీళ్లొచ్చాయి. మా వైపు కారం నాలుకతో సరిపెట్టుకుంటుంది, ఇది చెవుల దాకా పోయింది. ఇంకాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా అండీ అని అడిగితే దోసెలు పోసే ఆయన అట్లకాడ ఆపి నన్ను చూశాడు.

"యాడప్పా మీది?"

"విజయవాడండీ."

"ఈడ ఏం పని?"

ఫలానా వాళ్ల కారు చూడటానికి వచ్చానని చెప్పాను. అంతవరకూ నా బల్లకు అవతల కూర్చుని తింటున్న ఇద్దరు ప్లేట్లు తీసుకుని వేరే బల్లకు మారారు. అందులో మొరటుతనం ఏమీ లేదు. ఒకాయన లేస్తూ "ఏమనుకోవద్దప్పా, మాకు ఈ ఊర్లోనే బతకాల్నే" అని కూడా అన్నాడు. ఒంటరిగా హోటల్లో తినడం నాకు నాలుగేళ్లుగా అలవాటే. ఎదురుగా ఉన్నవాళ్లు నన్ను చూసి లేచిపోయాక తినడం మాత్రం ఆ రోజే మొదలు. మిగిలిన దోసె వదిలేసి లేచాను.

కారు మైదుకూరు రోడ్డులో మస్తాన్ అనే మెకానిక్ షెడ్డులో ఉంది. మస్తాన్ నా వయసువాడే గానీ గడ్డం పూర్తిగా తెల్లబడింది. టీ తెప్పించి, జరిగినదంతా చెప్పాడు.

"ఇరవై దినాల కింద సార్. పెద్దాయన, ఆయన తమ్ముడు, ఇంకా ఇద్దురు వాయిదాకు పోయి వస్తాండారు. ముద్దనూరు రోడ్డులో గొర్రెల మంద అడ్డమొచ్చింది. బండి ఆగింది. మంద పోయినాక మళ్లా యేగం ఎత్తుకునే లోపల ఎనకనుంచి పగోళ్ల జీపు వచ్చేసింది. జీపు సార్! డీజిలు జీపు! పక్కకొచ్చి నాటు బాంబు ఏసినారు. చేన్లో పడి పేలింది కాబట్టి సరిపోయింది. తమ్ముడికి మాత్రం ఒక చెవు పూర్తిగా ఇనపడకుండా పోయింది."

"డ్రైవరు?"

మస్తాన్ గొంతు తగ్గించాడు. "ఆడ కూకోనుండాడు చూడు, ఓబులేసు. తొమ్మిదేండ్ల నుంచి ఆ ఇంట్లోనే ఉండాడు. వాండ్లది గొర్రెల కాపరుల ఇల్లు, వేంపల్లె దగ్గర. ఆ మంద కూడా వాండ్లోళ్లదేనని, వీడు అమ్ముడుపోయి బండిని కావాలనే మెల్లగా తోలినాడని ఇప్పుడు అందరూ అంటాండారు. పెద్దాయన ఒక్కడే, ఉండండప్పా, ఇంజను చూసే మనిషి వచ్చి చెప్పనీ అని ఆపినాడు. బండి బాగుండాది అని నువ్వు రాసిచ్చినావంటే, ఇంక వాడి సంగతి అంతే."

షెడ్డు చివర పాత టైర్ల మీద ముప్పై అయిదేళ్ల మనిషి ఒకడు కూర్చుని నేల చూస్తున్నాడు. మస్తాన్ దగ్గర పనిచేసేవాళ్లు నలుగురున్నారు, నలుగురికీ టీ వచ్చింది. అతని చేతిలో గ్లాసు లేదు. ఎవరూ మరిచిపోయినట్టు కూడా లేదు.

మధ్యాహ్నం దాకా ఇంజను చూశాను. ప్లగ్గులు తీశాను, నాలుగు సిలిండర్ల ఒత్తిడి కొలిచాను, ఆయిలు వేళ్ల మధ్య రుద్ది చూశాను. నాకు భయం మొదలైంది. ఎందుకంటే ఇంజనులో దోషమన్నది లేదు. ఇంత పద్ధతిగా వాడిన ఇంజను నా చేతికి వచ్చి చాలా ఏళ్లయింది.

తర్వాత లోపల కూర్చున్నాను. తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఇలాంటి కార్లలో స్పీడు మీటరు పక్కన మరో మీటరు ఉంటుంది. ఇంజను నిమిషానికి ఎన్ని వేల చుట్లు తిరుగుతోందో ముల్లుతో చూపిస్తుంది. ఈ కారులో ఎనిమిది దాకా అంకెలున్నాయి, ఏడుకు కొంచెం ముందు నుంచి ఎర్ర గీత మొదలవుతుంది. మూడున్నర దగ్గర అద్దం మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు ఉంది. జేబులోంచి గుడ్డ తీశాను. ఎప్పుడు లేచి వచ్చాడో తెలియదు, కిటికీలోంచి ఓబులేసు నా మణికట్టు పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టుకోవద్దు సార్."

చెయ్యి వదిలి, దండం పెట్టి, మళ్లీ టైర్ల మీదికి పోయి కూర్చున్నాడు. నా మణికట్టు మీద అతని వేళ్ల గుర్తులు ఎర్రగా పడ్డాయి. వీళ్లకీ మూఢనమ్మకాలేనా అని విసుక్కున్నాను.

జమ్మలమడుగు

రెండో రోజు కారును రోడ్డు మీద పరీక్షించాలి. ఆ రోజున్నట్టే ఐదుగురి బరువుతో పరీక్షించాలి కాబట్టి నేను, డ్రైవరు కాక ఇంకో ముగ్గురు మనుషులు కావాలన్నాను. ఓబులేసు తోలుతాడనగానే షెడ్డులో ఒకడికి కడుపునొప్పి, ఒకడికి మేనమామ కూతురి పెండ్లి. చివరికి మస్తాన్ ముగ్గురి బరువుకు సరిపడా శనగకాయల మూటలు నాలుగు తెప్పించి సీట్ల మీద ఎత్తించాడు. మూడు వెనక, నాలుగోది సగం నా ఒళ్లో. పెండ్లివారి బంధువుల్లా నిక్కి కూర్చున్న ఆ మూటలను చూస్తే ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి. ఒక మనిషి పక్కన కూర్చోవడానికి మూటలు తప్ప ఎవరూ రాలేదన్నది మాత్రం నవ్వు కాదు.

జమ్మలమడుగులో టీ తాగుదామని కారాపించాను. రోడ్డుకు అటూ ఇటూ ఎదురెదురుగా రెండు టీ కొట్లు. ఎడమ వైపుది శుభ్రంగా కనిపించి అందులోకి పోయి రెండు టీలు చెప్పాను. టీ రూపాయిన్నర, పాలు చిక్కన. తిరిగి చూస్తే ఓబులేసు కారులోంచి దిగలేదు. కొట్టాయన నన్ను, ఆ కారును మార్చి మార్చి చూసి మెల్లగా అన్నాడు.

"అప్పా, నువ్వు తప్పు కొట్టుకొచ్చినావు. ఆ బండి వాండ్లు తాగేది ఆ పక్క. ఈ పక్క వేరే పార్టీ."

"టీలో కూడానా?"

"టీలో ఏముండాది లేప్పా, చక్కెరే. కూకునే కాడ ఉండాది."

డబ్బులు తీసుకోలేదు. వీలైనంత తొందరగా నేను వెళ్లిపోవాలని ఆయన కోరిక. నా గ్లాసు సగంలోనే వదిలేసి, రెండో గ్లాసు చేత్తో పట్టుకుని, ఓబులేసును కారులోంచి దింపి ఎదురు కొట్టు దగ్గరికి పోతే అక్కడివాళ్లు అతన్ని చూసి తలలు పక్కకు తిప్పుకున్నారు. ఈ పక్క వాడు కాదు, ఆ పక్క వాడు కాదు. నడిరోడ్డు మీద కారు బానెట్‌కు ఆనుకుని ఇద్దరం ఒక్క గ్లాసు టీ సగం సగం తాగాం. నాలుగేళ్లలో నేను ఇంకొకరితో పంచుకున్న మొదటి గ్లాసు అదేనని అప్పుడు తట్టింది.

"ఇరవై దినాలాయె సార్ నాతో ఎవురన్నా తాగి" అన్నాడు ఓబులేసు. అంతే అన్నాడు.

ముద్దనూరు రోడ్డు

ఊరు దాటాక నల్లరేగడి చేలు. అటు శనగ, ఇటు పత్తి, మధ్యలో రోడ్డు బారుగా పోతుంది. మూడు కిలోమీటర్లు ఎక్కడా మలుపు లేదు. కారాపించి, ఆగిన చోటు నుంచి నూరు కిలోమీటర్ల వేగం వచ్చేదాకా ఎంత గట్టిగా తోలగలవో తోలు అని ఓబులేసుతో చెప్పాను. స్టాప్‌వాచీ నొక్కాను.

మొదటి గేరు. ముల్లు లేచింది. మూడు దాటింది. మూడున్నర. ముల్లు కొస బొట్టు అంచును తాకిందో లేదో, క్లచ్చు తొక్కి రెండో గేరు వేశాడు. ముల్లు రెండుకు పడిపోయింది, ఇంజను ఊపిరి పీల్చుకోలేక ఈడ్చింది. మళ్లీ మెల్లగా పైకి. బొట్టు తాకగానే మూడో గేరు. ఇరవై రెండు సెకన్లు పట్టింది. మా ఆటోనగర్‌లో టమాటాలు మోసే వ్యాను కూడా అంతకన్నా పెద్ద ఆలస్యం చెయ్యదు.

ఇంకో రెండుసార్లు తోలించాను. ప్రతిసారీ అదే, వెంట్రుక వాసి తేడా లేదు. ముల్లు బొట్టును తాకుతుంది, చెయ్యి గేరు మారుస్తుంది. డీజిలు జీపులు తోలినవాళ్లకు గేరు తొందరగా మార్చే అలవాటుంటుంది, ఇది ఆ జీపు అలవాటు కాదు. జీపు అలవాటైతే ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుంది.

"బొట్టు దాటనీ" అన్నాను. "ఆరు దాకా పోనీ."

"నేను దాటను సార్. మీరు తోలుకోండి."

అతన్ని మూటల మధ్యకు నెట్టి నేను కూర్చున్నాను. ఈ రకం ఇంజనుకు బలమంతా నాలుగున్నర దాటాకే వస్తుంది, అయిదు ఆరు మధ్య పూనకం పడుతుంది. మూడున్నరకే గేరు మారిస్తే, వంటంతా అయ్యాక ఆకు ముందు నుంచి లేచిపోయినట్టే. అలాగని ఎర్ర గీత దాకా లాగడం కూడా తెలివి కాదు. కంపెనీ బిగించిన స్ప్రింగులు, వాల్వులు ఇంతకు తట్టుకుంటాయని ఆ గీత చెబుతుంది గానీ మనిషి చేతికి ఎంత సమయం పడుతుందో దానికి తెలియదు. కన్ను ముల్లును చూసి, కాలు క్లచ్చు తొక్కేలోపల మొదటి గేరులో ముల్లు ఇంకో మూడు నాలుగు వందలు ఎగబాకుతుంది. పైకి పోయేటప్పుడు మరీ హద్దు మీరితే ఇంజనే పెట్రోలు ఆపేసి తనను తాను కాపాడుకుంటుంది. అదే కంగారులో మూడో గేరుకు బదులు మొదటి గేరులో పడిందా, చక్రాలే ఇంజనును ఈడ్చి తిప్పుతాయి, అప్పుడు కాపాడేవాళ్లు లేరు. వాల్వులు వంగిపోతాయి.

కడప ఎండలో, ఏసీతో, ఐదుగురి బరువుతో, వెనక చంపేవాడు వస్తుంటే ఏ డ్రైవరుకూ ఇన్ని లెక్కలు గుర్తుండవు. ఒక్కటే గుర్తు కావాలి. అయిదున్నర దగ్గర మార్చి చూశాను, ఆరు దగ్గర చూశాను, ఆరున్నర దగ్గర చూశాను. ఆరుకూ ఆరున్నరకూ తేడా అర సెకను కూడా లేదు, భయం మాత్రం చాలా ఎక్కువ. కాబట్టి ఆరు. ముల్లు ఆరు తాకగానే మార్చు, చెయ్యి ఆలస్యమైనా ఎర్ర గీతకు ఇంకా చోటు మిగులుతుంది. పన్నెండు సెకన్లలో నూరు వచ్చింది. ఆ పది సెకన్ల తేడాలో జీపు చుక్కంతై పోయి ఉండేది.

కారు పక్కకు తీసి ఆపాను. నాకు కోపం నషాళానికి ఎక్కింది.

"ఆ బొట్టు దాటొద్దని నీకెవరు చెప్పారు?"

ఓబులేసు ఒళ్లో మూటను పక్కకు నెట్టాడు. తర్వాత దిగి వచ్చి నా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"సార్, బండి చెడిపోయిందని రాసియ్యండి. అది కాదంటే నేనే అమ్ముడుపోయినానని రాసియ్యండి. నేనేమనుకోను. ఆ బొట్టు మాట మటుకు పెద్దాయన ముందర ఎత్తద్దు. మీ కాళ్లు పట్టుకుంటా."

"నిన్ను చంపుతారయ్యా!"

"చంపేది లేంది వాండ్ల ఇష్టం సార్. ఆ మాట బయటపడితే ఇంకొకరు దినామూ చస్తారు."

నేను మాట ఇవ్వలేదు. ఇవ్వనని కూడా చెప్పలేదు.

పులివెందుల దాటి

మూడో రోజు పులివెందుల మీదుగా ఆ ఊరికి పోయాం. ఇల్లు చుట్టూ రెండు నిలువుల గోడ, మిద్దె మీద ఇద్దరు కాపలా. లోపల మాత్రం మామూలు రైతు ఇల్లే. వసారాలో శనగకాయలు గుట్టగా పోసి ఒక అవ్వ ఒలుస్తోంది. తెల్లచీర, బోసి నుదురు. పెద్దాయన వాళ్లమ్మ. నన్ను చూసి "దూరం నుంచి వచ్చినావు నాయనా, ముందు తిను" అంది.

రాగి సంగటి, నాటుకోడి పులుసు, శనగిత్తనాలు నూరి చేసే పచ్చడి ఊరుబిండి. మా ఇళ్లలో అతిథికి అన్నం పెట్టి ఇంకొంచెం ఇంకొంచెం అని బతిమాలతారు. ఇక్కడ బతిమాలరు, అడగకుండా ముద్ద పడేసిపోతారు. అంత రుచిగా నేను తిని ఎన్నేళ్లయిందో. తింటూ తలెత్తితే పశువుల కొట్టం పక్కన ఓబులేసు ఒక్కడే విస్తరి ముందు కూర్చుని కనిపించాడు. అతని విస్తరిలో సంగటి, ఊరుబిండి ఉన్నాయి. పులుసు లేదు. ఎవరూ వడ్డించడం లేదు, ఒకేసారి పెట్టేసిపోయారు. తొమ్మిదేళ్లు మాతో పాటే బంతిలో కూకునేవాడని పక్కనున్నాయన నాతో చెప్పాడు, చెప్పి ముద్ద మింగాడు.

చేతులు కడిగాక పెద్దాయన నన్ను వసారాలో కుర్చీలో కూర్చోబెట్టాడు. అరవై దాటాయి, మాట నెమ్మది. చెవి పోయిన తమ్ముడు ఆ చెవికి దూది పెట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు. గడప లోపల ఆడవాళ్లు. ఓబులేసును పిలిచి నిలబెట్టారు.

"సార్, నాకు రెండే మాటలు కావల్ల" అన్నాడు పెద్దాయన. "చెడిపోయింది బండా? మనిషా?"

"రెండూ కాదు."

"మరి జీపుకు ఎట్ల దొరికినాము?"

"గేరు ముందే మార్చాడు. ఇంజనుకు బలం రాకముందే మార్చాడు."

తమ్ముడు స్తంభం వదిలి ముందుకు వచ్చాడు. "చూసినావా న్నా! నేను చెప్పలా? కావాలనే తోలినాడు. వీనికి ఎన్ని దుడ్లు ఇచ్చినారో అడుగు!"

ఓబులేసు తల వంచుకునే ఉన్నాడు. మూడు రోజులుగా నాలో ఉడుకుతున్నది అక్కడ పొంగింది. నా కోపం గురించి ముందే చెప్పాను.

"కావాలని కాదయ్యా! మీటరు మీద ఎవరో బొట్టు పెట్టారు, ఆ బొట్టు దాటొద్దన్నారు. వెనక బాంబు పట్టుకుని జీపు వస్తున్నా ఇతను దాటలేదు. అదీ ఇతని నేరం!"

అన్నాక ఓబులేసు ముఖం చూశాను. అనకుండా ఉండాల్సింది. నిన్న నా కిటికీ దగ్గర నిలబడి బతిమాలిన మనిషి కళ్లు మూసుకున్నాడు.

శనగకాయలు ఒలిచే చప్పుడు ఆగింది. అవ్వ మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"ఆ బొట్టు నేను పెట్టినా."

లోపలి నుంచి ఒక ఆడగొంతు "అయ్యో రామా" అంది. మొగుడు పోయిన మనిషి కుంకుమ ముట్టుకోకూడదు, కొత్త బండి పూజకు ఎదురు కూడా రాకూడదు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి. ఆమెకూ తెలుసు.

"ఆయుధ పూజ నాడు మీరంతా అన్నాలకు కూకున్నారు. ఓబులేసు బండికాడ ఉండాడు. కుంకుమ రవంత తీసుకోని పోయినా. ఈ ముల్లు ఏందిరా అంటే, ఇంజను ఎంత అరుస్తాదో చూపిస్తాదవ్వా అన్నాడు. మీ నాయన పగోళ్ల చేతిలో పోలేదు, జీపు బోల్తాపడి పోయినాడు. ఆ పొద్దు జీపు అరిసిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉండాది. అందుకే పెట్టినా. నాయనా, ఈ బొట్టు దాటనీయద్దు, దాటితే నా మీద ఒట్టు, నేను చచ్చినంత ఒట్టు అని నెత్తిన చెయ్యి పెట్టించుకున్నా. నేను పెట్టినట్ల ఎవురికీ చెప్పద్దని గూడా ఒట్టేయించుకున్నా." అవ్వ చిన్నకొడుకు వైపు తిరిగింది. "నీ చెవు నేనే తీసినా నాయనా."

అప్పుడు అర్థమైంది నాకు, దినామూ చస్తారని ఓబులేసు అన్నది ఎవరి గురించో. ముండమోపి చేతి బొట్టు వల్లే బాంబు పడిందని ఊరంతా అంటుంది. ఆమె ఉన్నన్నాళ్లూ అంటుంది. ఆ మాట ఆమె మీద పడకుండా తొమ్మిదేళ్ల అన్నాన్ని, తలను కూడా వదులుకోవడానికి ఒకడు సిద్ధపడ్డాడు. నేను ఒక్క కోపపు మాటతో దాన్ని నడివసారాలో పడేశాను. ఆమె వైపు చూడలేకపోయాను. మా ఆవిడ పోయాక నన్ను ఏ పూజకూ ఎవరూ దూరంగా ఉండమనలేదు. అది అంతవరకూ నాకు తట్టనే లేదు.

లోపల ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఎవురూ మాట్లాడద్దు."

లేచి కారు దగ్గరికి నడిచాడు. మేమంతా వెనకే నడిచాం. తలుపు తీసి నాతో అన్నాడు, "సార్, ఆ బొట్టు యాడ ఉండాల్నో చూపించు."

ఆరు అంకె మీద వేలు పెట్టాను. ఆయన లోపలికి కేకేసి కుంకుమ భరిణె తెమ్మన్నాడు. తెచ్చిన కోడలి చేతిలోంచి తీసుకుని తల్లి ముందు పట్టుకున్నాడు.

"నువ్వే పెట్టుమా."

అవ్వ కొడుకు ముఖం చూసింది. చుట్టూ ఉన్నవాళ్లను చూసింది. ముందు ఓబులేసును పిలిచి, వాడి నెత్తిన చెయ్యి పెట్టి, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టినా నాయనా" అంది. తర్వాత వంగి, వేలితో నేను చూపించిన చోట బొట్టు పెట్టింది. పాతది తుడవడానికి నేను గుడ్డ తీశాను. తీసి, అవ్వకే ఇచ్చాను. ఆమె తుడిచి గుడ్డ తిరిగిచ్చింది.

ఆమె వేలికి ఇంకా కుంకుమ మిగిలింది. నా చేతిలో స్టాప్‌వాచీ చూసి ఇదేందని అడిగింది. కాలం కొలిచేదమ్మా అన్నాను.

"దీనికీ పెట్టేదా?"

అడిగింది ఆమె. అడగకుండా పెట్టే ధైర్యం ఆమెకు ఎవరూ మిగల్చలేదు. అద్దం పైకి వచ్చేలా పట్టుకుని చెయ్యి చాపాను.

"రేయ్ ఓబులేసూ, బండి తియ్" అన్నాడు పెద్దాయన. "సార్‌ను బస్సెక్కించి రా."

బస్టాండు

పులివెందుల దారిలో రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఓబులేసు ఒకసారి నా వైపు చూశాడు. నేను తలూపాను. తొక్కాడు. ముల్లు పాత బొట్టు మరక దాటింది, అయిదు దాటింది. కారు ఒక్కసారిగా గొంతు విప్పింది. ఆరు తాకగానే శుభ్రంగా గేరు మారింది.

"శానా అరుస్తాది సార్!"

"అరవనీ. దానికేం కాదు."

అతను నవ్వాడు, కళ్లు మాత్రం తుడుచుకుంటున్నాడు. బస్టాండులో దిగాక అరటిపండ్లు డజను ఆరు రూపాయలకు బేరమాడి నా సంచిలో పెట్టాడు. ఇక నీ కష్టం తీరిందయ్యా అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"పొద్దు గూకేలోపల బండి తాళాలు ఇచ్చేసి మా ఊరికి పోతా సార్. మా చిన్నాయనకాడ నలభై గొర్రెలుండాయి."

"అదేంటి? అవ్వ ఒట్టు తీసేసింది కదా?"

"అవ్వ ఒట్టు అవ్వ తీసింది. ఇరవై దినాలు నాకు ఇస్తరి యేరేగా ఏసినారు సార్. అది ఎవురు తీస్తారు?"

నేను బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడే ఉన్నాడు. పక్క సీటు ఖాళీ. వేంపల్లె దాకా ఎవరూ ఎక్కలేదు, ఎక్కినాయన కూడా వెనక సీటుకు పోయాడు. ఆయనకు నేనెవరో తెలిసే అవకాశం లేదని తెలిసినా, అలా పోయినందుకు బాధేసింది. అరటిపండొకటి ఒలుచుకున్నాను, ఇంకొకటి ఎవరికిద్దామా అని అటూ ఇటూ చూసి సంచిలో పెట్టేశాను.

వచ్చి నెల దాటింది. స్టాప్‌వాచీ మీద బొట్టు సరిగ్గా ఇరవైకీ ఇరవై అయిదుకీ మధ్య పడింది. ముల్లు అక్కడికి పోగానే దాని కింద దాక్కుంటుంది, ఆ అయిదు సెకన్లూ ఏం జరుగుతోందో కనిపించదు. ఇదేంటని షెడ్డులో అడిగితే అద్దం పాతబడిందని చెబుతున్నాను. గుడ్డ జేబులోనే ఉంది.